బొత్తాలు పెట్టిందెవరు

నున్నగా గడ్డం చేసుకుని, ఇస్త్రీ సూటు, టైతో అర్హత పరీక్షకు వెళ్ళినందుకు ఎమ్లిన్ ప్రాసర్‌కు వికలాంగుల భత్యం ఆపేశారు. పరీక్షించిన అమ్మాయి ‘మనిషి నీటుగా ఉన్నాడు, తన పనులు తాను చేసుకోగలడు’ అని రాసింది. ‘ఎలా ఉన్నారు’ అని అడిగితే ‘ఫరవాలేదమ్మా’ అన్నాడట. అదీ రాసుకుంది. ఆ వేల్స్ లోయలో గని మనుషులు ఊపిరి పోతున్నా ఆ మాటే అంటారు.

భత్యంతోపాటు, అది ఉన్నవాళ్ళకి అద్దెకిచ్చే కారూ పోయింది. ఇల్లేమో కొండ నెత్తిన. గనిలో డ్రిల్లు పట్టీ పట్టీ వేళ్ళు చచ్చుబడ్డాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ చలికాలమంతా ఎమ్లిన్ గడప దాటలేదు.

అప్పీలు రాసిపెట్టింది పక్కింటి కార్విన్. అది విచారణకు వచ్చేసరికి ఏడాది గడిచింది. ఆ ఉదయం వెళ్ళి చూస్తే మళ్ళీ అదే సూటు.

“మామా, చెప్పానా లేదా? పాత స్వెట్టర్ చాలన్నాను కదా!”

“జడ్జి ముందుకి ముష్టివాడిలా పొమ్మంటావా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తుంది.”

“ఆవిడెందుకు, నేను లేనూ?” అంది భార్య బెటి.

ఓడిపోయామనే అనుకున్నాడు కార్విన్.

విచారణలో జడ్జి పక్కన కూర్చున్న డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి ఎమ్లిన్ చొక్కా వైపు చూసింది.

“ఈ బొత్తాలు ఎవరు పెట్టారండీ?”

ఎమ్లిన్ మెడ ఎర్రబడింది. బెటి నేల చూపులు చూస్తోంది.

“ఆవిడే,” అన్నాడు చివరికి. “గడ్డం గీసిందీ ఆవిడే. మాంసం కోసి పెట్టేదీ ఆవిడే.”

ఒక్క ప్రశ్న. మొదటి రోజే అడిగి ఉంటే సరిపోయేది. కార్విన్‌కు సంతోషం కాదు, నీరసం వచ్చింది.

భత్యం వచ్చింది, కారూ వచ్చింది. కార్విన్ పని వెతుక్కుంటూ కార్డిఫ్ వెళ్ళేముందు చెప్పిపోదామని వచ్చాడు. ఎమ్లిన్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

“గెలిచావుగా మామా, ఇంకా ఆ మొహమేంటి?”

“తప్పు రాశారని ఒప్పుకున్నారు, బాగానే ఉంది. ఆ సంగతి ఆ రాసిన పిల్లకి ఎవరైనా చెబుతారా అని జడ్జిని అడిగాను. అది మా పని కాదన్నాడు. మరి ఎవరి పనిరా? ఈపాటికి ఇంకొకడిని కూర్చోబెట్టి అలాగే రాస్తూ ఉంటుంది.”