మూడో గుంపు గుర్తు

2023 ఎండాకాలం. కోరుట్లలోని మా ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్లి కార్డుల పనే ఎక్కువ. అలాంటి చోటికి సిరిసిల్ల నుంచి రాజేశం బావ తను రాసిన ఒక నవల పట్టుకొచ్చాడు. సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే మనిషి. మా వాడకట్టు ఆడపిల్ల సుజాత భర్త కాబట్టి నాకు బావ.

అది సైన్స్ ఫిక్షన్ నవల. భూమి విడిచిన జనం అంగారకుడి మీద మూడు గుంపులుగా బతుకుతారు. మొదటి గుంపు గుర్తు దీపం, రెండోదానిది నీళ్ల కుండ. అధ్యాయాల నెత్తిన ఆ బొమ్మలుండాలి. మూడో గుంపు అధ్యాయం మీద మాత్రం ఖాళీ.

ప్రూఫ్ చూసి బావ సరేనన్నాడు. తీరా అచ్చుకు ప్లేట్ చేసేముందు ఆ ఖాళీ చూసి నా చెయ్యి ఊరుకోలేదు. ఇరవై ఏళ్లుగా దేవుడి బొమ్మ లేకుండా ఒక్క కార్డూ కొట్టలేదు మరి! చక్కని వినాయకుణ్ణి పెట్టి, మంచిపని చేశానని మురిసిపోయాను కూడా.

మరునాడు సిరిసిల్లలో ఆవిష్కరణ అనగా బావ, సుజాత పొద్దున్నే వచ్చారు. అచ్చయిన ఫారం, అంటే పదహారు పేజీలు పట్టే పెద్ద కాగితం చూడగానే బావ మొహం వాడిపోయింది.

"ఏంది బావా, దేవుని మీద కోపమా?" అన్నాను.

"కోపమెందుకుంటది శీనూ? గా గుంపుకు దేవుడు లేడని కాదు. ఏ గుర్తోళ్లు అచ్చినా కూసోనీకి జాగ ఇడిసిపెట్టిండ్రు. నవలంత గా ఖాళీ మీదనే ఉన్నది. నువ్వు నింపితే ఇగ నేనేం రాసినట్టు?"

సిగ్గేసింది. అక్షరం అక్షరం టైపు చేసిన నాకే అది తట్టలేదు. వెంటనే ప్లేట్ మార్చి ఆ ఫారం మళ్లీ కొట్టాం. అందరం కూర్చుని కాగితాలు మడత పెట్టాం.

"గణపతిని పారెయ్యకుండ్రి, నేను ఇంటికి తీస్కపోత" అని సుజాత పాత కాగితాలు సర్దుకుంటుంటే బావ కూడా నవ్వేశాడు. సాయంత్రానికి బైండింగ్ అయిపోయింది.

సభలో బావ మాట్లాడి కూర్చున్నాక, ఆయనతో పనిచేసే ఒక పెద్దాయన పుస్తకం తెరిచి పట్టుకొచ్చాడు.

"రాజేశం, గీ ఖాళీల నా గుర్తు గీసుకోవచ్చునా?"

బావ తల ఊపాడు. పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె బొమ్మ గీశాడు. నాకు ఆనందం ఆగక చప్పట్లు కొట్టేశాను.

ఇప్పుడు ఎవరి రాతలో ఖాళీ కనిపించినా ఫోన్ చేస్తాను. అది మరిచిపోయిన చోటా, ఎవరి కోసమైనా ఉంచిన చోటా అని అడుగుతాను.