మంచు తాత ఇంటామె

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో మనిషికి ఉండే ధీమా మళ్ళీ జన్మలో ఉండదనుకుంటాను. గిద్దలూరు బస్టాండు దగ్గర మా మేనమామ నెట్ సెంటర్లో కూర్చుని నేను గ్రూప్స్‌కు చదువుతున్నానని మావాళ్ళంతా నమ్మేవాళ్ళు. నేనూ నమ్మేదాన్ని. నిజానికి నేను చేసే పనల్లా కంప్యూటర్ తెరమీది మంచుకొండల బొమ్మను చూస్తూ కలలు కనడం. ఆ కొండల కింద ఏదో ఆఫీసులో నేను పెద్ద అధికారినై, శాలువా కప్పుకొని, సంతకాలు పెడుతూ ఉండేదాన్ని. (శాలువా ఎందుకంటే అక్కడ చలి కాబట్టి. షట్టరు ముట్టుకుంటే చెయ్యి కాలే గిద్దలూరు మధ్యాహ్నంలో చలిని అంతకన్నా వివరంగా ఊహించడం నా వల్ల కాలేదు.) కరెంటు పోతే ఉద్యోగమూ పోయేది. వస్తే మళ్ళీ చేరేదాన్ని.

మా వైపు పల్లెల్లో మిలిటరీకి పోయిన మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. అందుకే మా దుకాణానికి వచ్చేవాళ్ళలో చాలామంది మాజీ సైనికులే. నవంబరు వచ్చిందంటే, పింఛను ఆగకుండా తాము బతికే ఉన్నామని వేలిముద్ర వేసి గవర్నమెంటుకు చెప్పుకోవడానికి పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే వరస కట్టేవాళ్ళు, ఎవరూ తోసుకోరు, ముందువాడు కదిలితేనే వెనకవాడు కదులుతాడు. ఆ వరసలో నాకు దొరికినాయనే మంచు తాత. హవల్దారుగా రిటైరయ్యాడు. కందుల ధర గురించి మాట మొదలుపెట్టినా చివరికి హిమాలయాల్లోనే తేలేవాడు కాబట్టి ఊళ్ళోవాళ్ళు ఆ పేరు పెట్టారు. మొదటిరోజే నా తెర వైపు కళ్ళు చికిలించి చూసి, "ఈ ఎడంపక్క కొండ నేను ఎక్కినా పాపా," అన్నాడు. అది కంప్యూటర్‌తో పాటు వచ్చే బొమ్మ తాతా అన్నాను. "అయితే ఏంది? నేను దిగినాక వాళ్ళు ఫోటో తీసుకొనుంటారు," అన్నాడు. అంత నమ్మకంగా చెప్పేసరికి నాక్కూడా ఆ మంచులో బూట్ల గుర్తులేవో కనపడ్డాయి.

ఒకరోజు తాత వెనకాలే, ఆయన తువ్వాలు కొస పట్టుకొని, అవ్వ వచ్చింది. రెండు కళ్ళకూ శుక్లాలు. "ఈయన జీవితమంతా మంచు, మంచు అని నా పానం తీసినాడు. ఇప్పుడు అదేదో నా కళ్ళలోకే వచ్చి పడింది. ఎక్కడ చూసినా తెల్లగనే ఉండాది," అని నవ్వింది. మాజీ సైనికుల ఆరోగ్య కార్డులో భార్య పేరు ఎక్కిస్తే ఒంగోలులో ఆపరేషన్ చేస్తారు. ఆ దరఖాస్తు నేనే పంపాను. అదేమో బంతిలా తిరిగొచ్చింది. ఆధార్‌లో ఉన్న పేరు, మిలిటరీ రికార్డులో ఉన్న భార్య పేరు ఒకటి కావట. తాత డిశ్చార్జి పుస్తకం తెరిచి చూస్తే, భార్య పేరు దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో 'మెయిన్ టేమ్' అని ఉంది. పెద్ద చదువు చదివిన నేను, 'మెయింటైన్' అనే మాటకు ఎవరో స్పెల్లింగ్ తప్పు రాశారని తేల్చేశాను.

"మెయిన్ టేమ్ కాదు పాపా, మాయింటామె అని చదువు," అన్నాడు తాత తల వంచుకొని. "పెండ్లి చేసుకొని, సెలవు అయిపోతే తిరిగి పోతి. ఆడ క్లర్కు హిందీవాడు. బీవీ కా నామ్ అని గట్టిగ అరిచినాడు. ఎనకాల పటాలమంతా నిలబడుండారు. అంతమంది మగోళ్ళలో ఈమె పేరు ఎట్ల చెప్పేది? మా ఇంటామె, అంటి. వాడు రాసుకున్నాడు."

మరి ఇన్నేళ్ళలో సరిచేయించుకోలేదా అని అడిగాను. "ఎందుకు? అది అబద్ధం కాదు గదా," అన్నాడు.

నాకు నవ్వాగలేదు. అవ్వ మాత్రం నవ్వలేదు. అంతకుముందు ఊళ్ళో ఉచిత కంటి శిబిరం పెడితే అందరూ చేయించుకోమన్నారట, ఈమె ససేమిరా అందట. "ఈయన మంచులో ఉన్నన్నాళ్ళూ నేను ఆ కందిచేలో ఒంటిగ ఉంటి. పురుగూ పుట్రా చూడకుండ రాత్రిళ్ళు కావలి కాస్తి. ఆ కొలువు ఈయనొక్కడే చేసినాడా? కార్డు మీద నా పేరు పడితేనే పోతా, లేకుంటే ఇట్లనే ఉంటా," అంది. అప్పటికే డాక్టరు ఇంక ఆలస్యం చేస్తే చూపు రావడం కష్టమని చెప్పి ఉన్నాడు.

మార్కాపురంలో మాజీ సైనికుల కాగితాల్లో తప్పులు దిద్దడానికి శిబిరం పెడుతున్నారని తెలిసి ముగ్గురం బస్సెక్కాం. కాగితాలన్నీ నా సంచిలో ఉన్నాయి. నా తెలివితేటలు చూసి అక్కడి అధికారి ముచ్చటపడి వెంటనే ఏదైనా కొలువు ఇస్తాడేమోనని కూడా అనుకున్నాను. (శాలువా మడిచి సిద్ధంగా ఉంచాను, కలలోనే.) అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. కంభం దాటుతుంటే తాత ఆమె చెవిలో, "చెరువు నిండుగ ఉండాదిమే, కొంగలు గూడా వాలినాయి," అన్నాడు. నేను తొంగిచూశాను. నీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి, కొంగలు లేనే లేవు. అవ్వ ఆ కొంగలను చూస్తున్నట్టే మొహం అటు తిప్పి చాలాసేపు కూర్చుంది. నాకూ ఆ అబద్ధం భలే నచ్చింది.

శిబిరంలో అధికారి రిటైరైన మేజరు. మంచి మనిషే గానీ, మాకన్నా ముందు ఎవరో వదినను భార్య అని చెప్పబోయి దొరికిపోయారట, ఆ చికాకులో ఉన్నాడు. "కాగితాలు తరవాత. ఒకరి పేరు ఒకరు నా ముందు చెప్పండి. సరిపోతే ఇప్పుడే సంతకం పెడతాను. లేకపోతే మళ్ళీ రికార్డు ఆఫీసుకు రాసుకోవాల్సిందే," అన్నాడు. రికార్డు ఆఫీసంటే ఎన్ని నెలలో ఎవరికీ తెలియదు. నాకు చేతులు చల్లబడ్డాయి. కలలో కూడా నాకంత చలి వేయలేదు.

ముందు అవ్వను అడిగారు. మొగుడి పేరు నోటితో పలికే రకం కాదు కదా ఆమె. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఏడుకొండల మీద ఉండే సామి పేరు," అంది. పక్కనున్న టైపిస్టు తల ఎత్తకుండానే 'ఏడుకొండలు' అని టకటకా కొట్టేశాడు. "అయ్యో సార్, ఏడుకొండలు కాదు, ఆ కొండల మీది దేవుడి పేరు!" అని నేను అరిచాను. లేకుంటే ఒక తప్పు దిద్దుకోవడానికి వచ్చి రెండో తప్పుతో ఇంటికి పోయేవాళ్ళం. మేజరుగారు మీసాల చాటున నవ్వుకొని, పుస్తకంలో తాత పేరు చూసుకొని, సరేనన్నాడు.

తరవాత తాత వైపు తిరిగి, "నీ భార్య పేరు?" అన్నాడు.

తాత ఒకసారి వెనక్కి చూశాడు. వెనకాల మళ్ళీ వరస, మళ్ళీ మగవాళ్ళు. "మా ఇంటామె, సాబ్," అన్నాడు.

"దానికోసమే కదయ్యా ఇంతదూరం వచ్చింది!" అని మేజరుగారు బల్ల గుద్దాడు. వరసంతా గొల్లుమంది. నేను సంచిలో తల పెట్టుకున్నాను. పెన్ను మూతపడే చప్పుడు వినపడింది. అవ్వ తువ్వాలు కొస వదిలేసింది. ఆ తెల్లటి కళ్ళతో ఆయన ఉన్నవైపు చూస్తూ నిలబడింది. అప్పుడు తాత చెప్పులు విడిచాడు. మడమలు కలిపాడు. వంగిన నడుము ఎలా నిటారైందో నాకు తెలియదు. గడ్డం ఎత్తి, కొండ అవతలి వాళ్ళకు వినపడాలన్నట్టు, "చెన్నమ్మ, సాబ్!" అన్నాడు.

నవ్వులన్నీ ఆగిపోయాయి. అవ్వ మెల్లగా, "సరిగ్గ ఇనపళ్ళేదు. ఇంగోసారి చెప్పు," అంది. మేజరుగారు సంతకం పెడుతూ, తల ఎత్తకుండా, "అవును, నాకూ వినపడలేదు," అన్నాడు. తాత మళ్ళీ చెప్పాడు. ఈసారి మెల్లగా, ఆమె వైపు తిరిగి.

కార్డు వచ్చింది, ఆపరేషనూ అయింది. కట్టు విప్పగానే అవ్వ ముందు తాతను చూసి, "ఏందిది, ఇంత ముసిలోడివైపోతివే!" అందట. తరవాత మా దుకాణానికి వచ్చి తెరమీది కొండలను దగ్గరగా, తృప్తిగా చూసింది. "ఇదేనా మంచంటే? ఉప్పుకుప్ప మాదిరి ఉండాది. దీనికోసమా నన్నిడిచిపెట్టి పోయినాడు?" అంది. ఆ మాట తరవాత నా కలలోని ఆఫీసు కూడా కొంచెం ఉప్పుకుప్పలాగే కనపడసాగింది.

ఇప్పుడు నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. శాలువా లేదు, ఫ్యాను ఉంది. భార్య పేరు అడిగినప్పుడు ఏ తాతైనా మా ఇంటామె అంటే, కీబోర్డు మీదినుంచి చేతులు తీసి, ఆయన సిగ్గు తీరేదాకా కూర్చుంటాను. మా ఆయన నన్ను పేరు పెట్టే పిలుస్తాడు, రోజుకు ఎన్నోసార్లు, ఎక్కువగా తువ్వాలు కనపడనప్పుడు. అప్పట్లో ఆ ముసలాయన సిగ్గును చూసి పకపకా నవ్విన పిల్లనే, ఇప్పుడు తువ్వాలు చేతికిస్తూ ఒక్క క్షణం ఆగుతాను, ఈయన కూడా మడమలు కలిపి నిలబడతాడేమోనని. ఆయన తల తుడుచుకుంటూ వెళ్ళిపోతాడు. నేను నాలో నేనే నవ్వుకొని, మళ్ళీ పిలుస్తాడు కదా, అప్పుడు చూద్దాంలే అనుకుంటాను.