పేతురు అత్తగారు

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు పురిటి సాయానికి మా అత్తగారు అమెరికాలో మేముండే నేపర్‌విల్ వచ్చారు. ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి మా పెళ్ళయి మూడేళ్ళయినా, ఆవిడతో నేను మాట్లాడింది చాలా తక్కువ. నేను హాల్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి వెళ్ళేవారు. నేను వంటింట్లోకి వెళితే గోడవారగా తప్పుకునేవారు. ఆ చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒకరికొకరం అడ్డం రాకుండా తిరగడమే మా ఇద్దరికీ పెద్ద పనిగా ఉండేది.

మా ఎదురింట్లో భర్త పోయిన ఒక అమెరికన్ పెద్దామె ఉండేది. పాపను చూడ్డానికి కేక్ పట్టుకుని వచ్చి, మా అత్తగారి పక్కన కూర్చుని, ఒక్క ముక్క భాష కలవకపోయినా గంటసేపు కబుర్లు చెప్పింది. శనివారం పొద్దున్నపూట వాళ్ళ చర్చిలో ఆమె బైబిల్ క్లాసు చెబుతుందట. ఇప్పుడు యేసు శిష్యుడు పీటర్ జీవితం మొదలుపెడుతోందట. మా అత్తగారిని రమ్మంది.

ఆమె వెళ్ళాక మా ఆవిడ నాతో, “అమ్మకి ఇంట్లో ఏం తోచడం లేదు. మీరు తీసుకెళ్ళి, పక్కన కూర్చుని ట్రాన్స్‌లేట్ చేయండి” అంది.

“నాకు బైబిల్ ఏం తెలుసు?”

“ఇంగ్లీషు తెలుసుగా.”

రోజూ పూజ చేయనిదే కాఫీ కూడా తాగని మనిషి చర్చికి ఎందుకు వస్తారని నా ధైర్యం. తీరా శనివారం నేను లేచేసరికి ఆవిడ చీర మీద స్వెటర్ వేసుకుని, మేజోళ్ళు తొడుక్కుని, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు.

చర్చి బేస్‌మెంట్‌లో మడత కుర్చీలు, కాఫీ వాసన, తలనెరిసినవాళ్ళు ఓ పదిమంది. ఎదురింటామె చెబుతుంటే నేను గొంతు తగ్గించి అత్తగారికి చెప్పడం మొదలుపెట్టాను. “పీటర్ అని ఒక జాలరి ఉండేవాడటండీ…”

“పేతురు” అన్నారావిడ.

“మీకు తెలుసా?”

“కొంత తెలుసు.”

తిరిగి వచ్చేటప్పుడు కారులో చెప్పారు. మా ఆవిడ మిషన్ ఆసుపత్రిలో పుట్టిందట. మధ్యాహ్నాలు ఒకావిడ వార్డులోకి వచ్చి బాలింతలకు బైబిల్ కథలు చదివేదట. “పేతురు వాళ్ళత్తగారికి జ్వరం తగ్గిందాకా విన్నాను. మర్నాడు నన్ను ఇంటికి పంపేశారు” అన్నారు. నాతో అన్ని మాటలు ఒక్కసారిగా ఆవిడ అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ జ్వరం కథ తరువాతి వారం వచ్చింది. యేసు చెయ్యి పట్టుకుంటే జ్వరం తగ్గిందనీ, ఆ పెద్దావిడ వెంటనే లేచి అందరికీ వడ్డించిందనీ చెప్పాను. అల్లుడి ఇంట్లో అత్తగారి గురించి నేను మా అత్తగారికే చెప్పాల్సి రావడంతో ఎటు చూడాలో తెలియక గోడవైపు చూస్తూ చెప్పాను.

“ఆ పిల్ల ఏమైందో అడగండి” అన్నారు.

“ఏ పిల్లండీ?”

“పేతురు భార్య. అత్తగారు ఉందంటే భార్య ఉన్నట్టేగా. వలలూ పడవా వదిలేసి ఆయన వెంట వెళ్ళిపోయాడు. ఆ పిల్లతో ఏం చెప్పి వెళ్ళాడు?”

నేను ఇంగ్లీషులో అడిగాను. ఎదురింటామె పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, “ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇది అడగలేదు. ఇక్కడ ఆమె పేరు కూడా లేదు” అంది.

తరువాత వారాల్లో పేతురు నీళ్ళమీద నడిచి మునగబోయాడు. యేసు ఎవరో తనకు తెలియదని ముమ్మారు బొంకి, కోడి కూయగానే ఏడ్చాడు. మా అత్తగారు దాన్ని పెద్ద తప్పుగా పట్టుకోలేదు. “భయపడ్డాడు పాపం” అన్నారంతే. నాకే తికమకగా ఉండేది. యేసు బోధించడానికి పంపినవాడు అనే అర్థంలో వాళ్ళు వాడే ‘అపాసల్’కి తెలుగు తోచక శిష్యుడు అంటే, “ముందూ శిష్యుడేగా, ఇప్పుడు కొత్తగా ఏమయ్యాడు?” అని అడిగేవారు. ఇంటికి వచ్చే దారిలో మాత్రం ప్రతిసారీ, “ఇవాళా ఆ పిల్ల సంగతి రాలేదు” అనేవారు. ఆవిడకి అదే ఎందుకు పట్టిందో నాకు అంతుపట్టలేదు.

ఒక శనివారం ఎదురింటామె చర్చి గుమ్మంలోనే మాకోసం నిలబడి ఉంది. బైబిల్లో ఒకచోట వేలు పెట్టుకుంది. “దొరికింది. పీటర్ ఊళ్ళు తిరిగేటప్పుడు భార్యను వెంట తీసుకెళ్ళేవాడని పాల్ అనే ఇంకో బోధకుడు ఒక ఉత్తరంలో రాశాడు” అంది. ఇంకొకటి కూడా చెప్పింది. అది బైబిల్లో లేదు, పాతకాలం నుంచి చెప్పుకునే మాటట. యేసును నమ్మినందుకు ఆ భార్యను పీటర్ కంటే ముందే చంపడానికి తీసుకెళుతుంటే, అతను ఆమెను పేరు పెట్టి పిలిచి ధైర్యం చెప్పాడట. ఆ పేరేమిటో మాత్రం ఎవరూ రాయలేదు.

నేను అంతా తెలుగులో చెప్పాను. క్లాసయి కారెక్కాక, రెడ్ లైట్ దగ్గర ఆగి ఉన్నప్పుడు అత్తగారు అన్నారు:

“మా ఆయన తీసుకెళ్ళలేదు.”

“ఎక్కడికండీ?”

“స్వాములవారి వెంట వెళ్ళిపోయారు. అమ్మాయికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. నేనూ వస్తానన్నాను.”

లైటు ఎప్పుడు మారిందో, వెనకవాడు హారన్ కొడుతున్నాడు. మా పెళ్ళిలో కన్యాదానానికి మేనమామ దంపతులు కూర్చున్నారు. తండ్రి ఏరని మావాళ్ళు అడిగితే “లేరు” అన్నారు. నేను పోయారనే అనుకున్నాను. అత్తగారు బొట్టు పెట్టుకుంటే, కాలం మారిందిలే, మంచిదే అనుకున్నాను తప్ప మరో ఆలోచన రాలేదు.

ఇంటికి వచ్చి మా ఆవిణ్ని అడిగాను.

“లేరని అప్పుడే చెప్పారుగా” అంది, పాప బట్టలు మడతపెడుతూ.

“లేరంటే పోయారనుకున్నాను.”

“లేరంటే లేరనే.”

“ఎక్కడైనా ఉన్నారా మరి?”

“తెలియదు.”

ఓదార్చాలో, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని కోప్పడాలో తేల్చుకోలేక, నేనూ కాసిని బట్టలు తీసుకుని మడతపెట్టాను.

అత్తగారు ఇండియా వెళ్ళేముందు చివరిసారి క్లాసుకి వెళ్ళాం. అయిపోయాక ఎదురింటామె ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, “ఇన్నాళ్ళు విన్నారు కదా, ఈవిడకి నమ్మకం కలిగిందేమో అడుగు” అంది నాతో.

“వాళ్ళ దేవుడి సంగతి నాకంతగా తెలియదు. పేతురుని మాత్రం నమ్ముతానని చెప్పండి” అన్నారు అత్తగారు.

ఒక మనిషిని నమ్మడానికి ఇంగ్లీషులో ఒక మాట వాడతారు. దేవుణ్ని నమ్మడానికి ఇంకో మాట. “అంటే ఎలాంటి నమ్మకం అని చెప్పమంటారు?” అని అడిగాను.

“నమ్మకంలో రకాలేమిటి?” అన్నారావిడ.

ఏం తోచక దేవుడికి వాడే మాటే అనేశాను. ఎదురింటామె మా అత్తగారిని గట్టిగా కావలించుకుంది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కావలించుకుంది.

కారులో కూర్చున్నాక అత్తగారు అడిగారు. “ఎందుకు ఏడ్చింది?”

“సంతోషంతో అనుకుంటానండీ.”

“దేనికి సంతోషం?”

“తెలియదండీ” అన్నాను.