పాప ముందు తెలుగు వద్దన్నాను

మా పాపకు రెండున్నరేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. చెవుల పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందన్నారు. తెల్లాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో దాని ఈడు పిల్లలు జారుడుబల్ల దగ్గర వంతు కోసం తగువులాడుకుంటుంటే, మాది మాత్రం వేలు చూపించి 'ఊఁ' అనేది. నాకు పొద్దస్తమానం అదే దిగులు. పైకి మాత్రం "కొంతమందికి ఆలస్యమండీ, మా మేనమామక్కూడా అంతే" అని నవ్వేదాన్ని. మా మేనమామకు ఏడాదికే మాటలొచ్చాయి.

ఇంట్లో ఇన్ని భాషలు కలగలిస్తే పిల్ల తికమక పడుతుందనీ, ఏదో ఒక్కటే పెట్టుకోమనీ ప్లేస్కూల్లో ఒక టీచరు చెప్పింది. ఆలోచిస్తే నిజమే అనిపించింది. నాది కాకినాడ తెలుగు. మా ఆయన ఇంట్లో ఉన్నా ఆఫీసులో ఉన్నట్టే ఇంగ్లిష్ మాట్లాడతాడు. కింద పార్కులో పిల్లలది హిందీ. ఇక పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పాపను చూసుకునే ఆయమ్మది జహీరాబాద్ వైపు పల్లె. ఇప్పుడు లింగంపల్లిలో కిరాయికి ఉంటోంది.

ఎలాగూ బడి ఇంగ్లిష్‌లోనే కదా అని నేను తీర్పు చెప్పేశాను. ఆఫీసులో నేను టీమ్ లీడ్‌ని, ఇంట్లో కూడా అదే గొంతు వాడతానని మా ఆయన ఫిర్యాదు. ఆ గొంతుతోనే "ఈ రోజు నుంచి పాపతో ఇంగ్లిష్ ఒక్కటే" అని ప్రకటించాను.

"నాకు రాదు గద మేడం" అంది ఆయమ్మ.

"రాకపోతే ఫర్వాలేదండి. పాప ముందు తెలుగు మాత్రం వద్దు. పాపను చూసుకోండి, పని చేసుకోండి, అంతే."

"పండుకోబెట్టేటప్పుడు పాట పాడొద్దా?"

"వద్దండి."

సరేనంది. ఎందుకని అడగలేదు. అడిగితే ఓ పావుగంట వివరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

అంతకుముందు ఆవిడ నోరు ఊరుకునేది కాదు. వంటగదిలో పాపను గట్టు మీద కూర్చోబెట్టుకుని, "గిదేంది బిడ్డా? బెండకాయ. కోస్తున్న చూడు. అబ్బ, జిగురొచ్చింది చూసినవా? జర ఆగు, అంటుకుంటది" అంటూ చేసే ప్రతి పనీ చెప్పేది. నేను ఇంటి నుంచి పని చేసే రోజుల్లో ఆ గొంతు మీటింగులో వినిపిస్తోందని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. రూలు పెట్టాక ఆ ఇబ్బంది తీరిపోయింది. చాకు చప్పుడు, కుక్కర్ కూత, గాజుల గలగల తప్ప ఇంకేమీ లేదు.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లాను. పాప ఆయమ్మ ఒళ్లో నిలబడి, రెండు చేతులతో ఆవిడ పెదాలు విడదీస్తోంది. లోపల మాట ఎక్కడైనా దాక్కుందేమోనని వెతుకుతున్నట్టుంది. ఆయమ్మ నా వైపు చూసింది. నేను సీసా నింపుకుని మీటింగుకు వెళ్లిపోయాను. ఇప్పటికీ అది తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మూడు వారాలు గడిచాయేమో, వంటగదిలోంచి మళ్లీ ఆవిడ గొంతు వినిపించింది.

"దిస్ లేడీస్ ఫింగర్. కట్ కట్ కట్. సీ, సీ! జిగురు కమింగ్! వెయిట్ బిడ్డా, డోంట్ టచ్."

మైకు ఆపేసి పరుగెత్తాను. గట్టు మీద పాత నోటుబుక్కు తెరిచి ఉంది. ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. రోజూ సాయంత్రం ఇంటికెళ్లాక ఆ పిల్ల పక్కన కూర్చుని నేర్చుకుంటోందట. తను చదివింది ఐదో తరగతి దాకానే కాబట్టి, 'కమ్ హియర్ అంటే ఇటు రా', 'ఓపెన్ మౌత్ అంటే నోరు తెరువు', 'డోంట్ క్రై అంటే ఏడ్వకు' అని అన్నీ తెలుగు అక్షరాల్లోనే గుండ్రంగా రాసుకుంది.

"పిల్లతోని మాట్లాడకుండ ఉండబుద్ధయితలేదు మేడం. అందుకే నేర్చుకుంటున్న. తప్పా?"

ముందు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. సిగ్గుపడి రూలు తీసేశానా అంటే, లేదు. పైగా ఉచ్చారణ దిద్దడం మొదలుపెట్టాను. నేను లాప్‌టాప్ మూసేసరికి ఆవిడ సందేహాలతో సిద్ధంగా ఉండేది. ఉడుకుగున్నది అంటే హాట్. మెల్లగ అంటే స్లో. ఒక రోజు మాత్రం నన్ను ఇరకాటంలో పెట్టింది.

"ముద్దొస్తున్నవ్ అని ఎట్ల చెప్పాలె మేడం?"

"యూ ఆర్ క్యూట్ అనండి."

"మొన్న మీరు కొన్న దిండును గూడ గట్లనే అన్నరు గద" అంది. నోటుబుక్కులో ఆ మాటకు ఎదురుగా ఖాళీ అలాగే ఉంచేసింది.

ఇంత చేసినా పాపకు మాటలు రాలేదు. చివరికి కొండాపూర్‌లో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాం. ఆవిడ అన్నీ రాసుకుని, పగలంతా పాప దగ్గర ఎవరుంటారని అడిగింది. ఆయమ్మ అన్నాను. "అయితే ఈసారి ఆమెను కూడా తీసుకురండి" అంది.

ఆయమ్మ పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంటే పాప వెళ్లి ఒళ్లో ఎక్కింది. థెరపిస్టు తెలుగులోనే అడిగింది.

"పాపకు దాహమేస్తే మీకెలా తెలుస్తుందమ్మా?"

ఆయమ్మ నన్నొకసారి చూసి, గొంతు సవరించుకుంది. "షి... క్యాచ్ మై శారీ. పుల్లింగ్ కిచెన్." ఆ ఏసీ గదిలో ఆవిడ నుదుట చెమట పట్టింది.

"తెలుగులో చెప్పండమ్మా, ఫర్వాలేదు."

"పాప ముంగట తెలుగు మాట్లాడొద్దన్నరు మేడం."

నా మీద చాడీ చెప్పడం కాదది. ఒప్పుకున్న మాట తప్పకూడదని, అంతే. థెరపిస్టు నా వైపు తిరిగింది. నేను గోడ మీది ఏనుగు బొమ్మను శ్రద్ధగా చూశాను. ఆవిడ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. రెండు మూడు భాషలు విన్నంత మాత్రాన పిల్లలకు మాటలు ఆగిపోవనీ, రోజంతా పక్కనుండే మనిషి నోరు మూసుకుంటేనే నష్టమనీ మెల్లగా చెప్పింది. తర్వాత ఆయమ్మతో "మీకొచ్చిన మాటల్లోనే చెప్పండి, పాప వింటే విననివ్వండి" అంది.

ఆయమ్మ మళ్లీ నన్ను చూసింది. నేను తలూపాను.

"పెదవులు మూసి మ్మ్ అంటే నీళ్లు. తల వంచి మ్మ్ అంటే ఎత్తుకొమ్మని. లిఫ్టు సప్పుడైతే డాడీ వచ్చిండని తలుపు కాడికి ఉరుకుతది. నిద్రొస్తే నా చెవి పట్టుకుంటది. మేడం మీటింగుల ఉంటే ఆ రూము తలుపు మీద చెయ్యి పెడ్తది, జరసేపు ఉండి తీసేస్తది. కొట్టదు."

థెరపిస్టు ఆపకుండా రాసుకుంటోంది. అందులో సగం నాకు తెలియదు. తలుపు సంగతి అసలే తెలియదు.

మాటలు ఆ మర్నాడే రాలేదు. నెలల తరబడి కొండాపూర్‌కు తిరిగాం. ముందు ఒక్కొక్కటిగా వచ్చాయి, తర్వాత ఆపితే ఆగలేదు. ఇప్పుడు నాతో 'ఏంటమ్మా' అంటుంది, ఆయమ్మతో 'ఏంది' అంటుంది, వాళ్ల నాన్నతో ఇంగ్లిష్‌లో వాదిస్తుంది. ఎవరితో ఏది మాట్లాడాలో దానికి ఎవరూ చెప్పలేదు.

కానీ నా మనసులో ఉండిపోయింది ఆ రోజు తిరుగు ప్రయాణమే. క్యాబ్ ఎక్కాక "తప్పు నాదండి, క్షమించండి" అన్నాను. ఆవిడ కంగారు పడిపోయింది.

"అయ్యో, మీరెందుకు మేడం? నా మాటలతోనే పాప ఖరాబైతదని నేనే పరేషానైన. ఇంట్ల నా బిడ్డతోని గూడ తెలుగు మాట్లాడుడు తగ్గించిన, దాని చదువు గూడ ఖరాబైతదేమో అని."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆవిడ నా చెయ్యి తట్టి అడిగింది.

"ఇగ మాట్లాడొచ్చా మేడం?"

"మాట్లాడండి. మీ ఇష్టమొచ్చినంత మాట్లాడండి."

పాపను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టుకుంది. "అగో చూడు బిడ్డా, క్రేను. ఎంత పొడుగున్నదో! గా బిల్డింగు నువ్వు పుట్టినప్పుడు లేకుండె. గప్పుడు గాడ అన్ని బండరాళ్లే" అంటూ మొదలుపెట్టింది. నల్లగండ్ల దాటక ముందే పాప నిద్రపోయింది. ఆవిడ అది చూసి గొంతు కాస్త తగ్గించింది గానీ, ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది.