నేను దాచని రిజిస్టరు

తాండూరులో నాపరాళ్లు కోసే ఒక యూనిట్‌కు కొత్త రంపం మిషను వచ్చినప్పుడు, దాన్ని నడిపే ప్రోగ్రాం నేనే రాశాను. వికారాబాద్‌లో ఇంట్లో కూర్చుని రాయడం, పొద్దున రైలెక్కి తాండూరు వెళ్లి మిషను మీద పరీక్షించడం. కొన్నాళ్లు అదే నా పని.

ప్రోగ్రాం అంతా సి భాషలో ఉంది, ఒక్క ఫంక్షన్, అంటే ఒక చిన్న భాగం, తప్ప. కాలి పెడల్ నొక్కి ఉంచితేనే రంపం తిరగాలి, వదిలితే ఆగాలి. నొక్కి ఉందా, వదిలారా అని చూసే ఆ ఫంక్షన్‌ను, ప్రాసెసర్ సొంత భాషకు దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో చేత్తో రాశాను. నిజానికి అంత వేగం అక్కర్లేదు. నాకు వచ్చని చూపించుకోవాలనిపించింది.

సి భాషను మిషను భాషలోకి మార్చేది కంపైలర్. చేత్తో రాసినదాన్ని అది తయారుచేసినదానితో కలిపేది లింకర్. పేర్లు సరిపోయాయా అని చూస్తుంది, అంతే. మిగతాది రాసేవాళ్లు పాటించాల్సిన ఒప్పందం. ప్రాసెసర్‌లో రిజిస్టర్లని చిన్న చిన్న అరలుంటాయి. వాటిలో కొన్నింటిని వాడుకుంటే, అంతకుముందున్నది దాచి, వెళ్లేముందు తిరిగి పెట్టాలి. నేను ఒక అరలోనిది దాచలేదు. పరీక్షల్లో ఆ అరలో ఏమీ లేదు కాబట్టి అన్నీ బాగానే నడిచాయి. చివర్లో ఇంకాస్త వేగం కోసం కంపైలర్ సెట్టింగు మార్చాను.

మిషను పని మొదలుపెట్టి నెల తిరక్కముందే యజమాని ఫోన్ చేశాడు. మిషను నడిపే మనిషికి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

"కాలు తియ్యకుండనే చెయ్యి పెట్టిండు మేడం. మిషన్ల ఏం లేదు, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది. కానీ అన్నం కలుపుతుంటే నా వేళ్ల వైపే చూపు పోయేది. వారం తర్వాత, కంపైలర్ తయారుచేసినదాన్ని వరస వరసా చదివాను. సెట్టింగు మార్చాక, పెడల్ వదిలారన్న గుర్తును అది నేను దాచని అరలోనే పెట్టింది. నా ఫంక్షన్ ఆ గుర్తును చెరిపేస్తోంది. ఎప్పుడో ఒకసారి, కాలు తీసినా రంపం ఇంకాసేపు తిరుగుతుంది.

యజమానికి చెప్పి మిషను ఆపించాను. మర్నాడు కుల్కచర్ల దగ్గర, వేళ్లు పోయినాయన ఊరికి వెళ్లాను. యాభై దాటిన మనిషి. గొర్రెలు కాసే ఇల్లు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చున్నాడు.

"నిద్రల గూడ కాలు లేపుతుండు మేడం, దించుతుండు" అంది ఆయన భార్య. "తీసిననా తియ్యలేదా అని నన్నే అడుగుతడు. నాకేం ఎరుక?"

"కాకా, నువ్వు కాలు తీసినవ్" అన్నాను. "ఆగనిది మిషను. తప్పు నేను రాసినదాంట్ల ఉన్నది."

నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"తీసిన్నా?"

"తీసినవ్."

"ఇన్నవా?" అన్నాడు భార్యతో. "తీసిన్నట. నాకేం పిచ్చి లేవలేదు." నా వైపు తిరిగాడు. "మరి బిడ్డా, నువ్వు రాసింది ఇంకెన్ని మిషన్లల్ల ఉన్నది?"

అంతవరకు ఆ లెక్కే నాకు తట్టలేదు. అదే ఫంక్షన్‌ను తాండూరులోనే ఇంకో రెండు యూనిట్లకు ఇచ్చాను. ఆ సాయంత్రమే తాండూరు వెళ్లాను. ఆ రెండింట్లో మొదటిదాన్ని సరిచేశాను. రెండో యూనిట్‌కు తాళం వేసి ఉంది. పక్కవాళ్లను అడిగితే, మిషను అమ్మేశారట, కొన్నవాళ్లది కర్ణాటక అట, ఇంకేమీ తెలియదట.

దొరికిన నంబర్లన్నిటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. అవతలివాళ్లు కన్నడంలో మాట్లాడతారు, నేను తెలుగులో రంపం, పెడల్, కాలు అంటాను. మొన్న ఒకాయన ఓపిగ్గా విన్నాడు. ఆయన వెనుక ఏదో రాయి కోస్తున్న చప్పుడు. అది నేను రాసింది ఉన్న మిషనేనా అని అడిగేలోపు లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.