అత్త కడియం, స్టార్టర్ పాయింట్లు

మా ఆవిడ అమ్మవారికి వెండి కళ్ళు మొక్కుకుంది. మొక్కుకున్నది తను, కుదురు పోయింది నాకు.

నూర్పుల రోజుల్లో ధాన్యపు నూగు ఆమె ఎడమ కంట్లో గుచ్చుకుంది. రెండు రోజులు నలుపుకుంటూ తిరిగి, నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు వేశాక అప్పుడు చెప్పింది. విజయనగరంలో కంటి డాక్టరు గంటగంటకీ చుక్కలు వేయమన్నాడు. గజపతినగరంలో నా మోటారు వైండింగు షాపు మూసేసి, ఫోనులో అలారం పెట్టుకుని, చుక్కలు వేసే ఉద్యోగంలో చేరిపోయాను. పువ్వు చాలావరకు కరిగింది. చిన్న మచ్చ మిగిలింది. మొక్కు తీర్చకపోతే అది మళ్ళీ ముదురుతుందని ఆమె భయం. అమ్మవారి పండగ ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

రేకు కళ్ళు బజారులో ఎక్కడైనా దొరుకుతాయి. కానీ కంటి మొక్కుకి ఇంటి వెండే పెట్టాలని, అదీ ఆ ఇంటి ఆడది ఒంటి మీద వేసుకున్న వెండి కావాలని, మా అత్త పోయేముందు నేర్పి వెళ్ళింది. అత్త అంటే మా ఆవిడ తల్లి, నాకు సొంత మేనత్త. ఇంట్లో అలాంటి వెండి ఒక్కటే ఉంది, అత్త కాలి కడియం. దాని జోడు ఎప్పుడో ఊడుపుల్లో బురదలోకి జారిపోయింది. కొట్టుకి ఇస్తే పదిమంది వెండీ ఒకే మూసలో పోసి కరిగిస్తారనీ, తల్లి కడియం ఎవరి పట్టీల్లో కలిసిపోతుందోననీ మా ఆవిడ అనుమానం.

నేనే కరిగిస్తాను, అదీ పాత పద్ధతిలో, మన పెరట్లోనే, నీ ఎదురుగానే అన్నాను.

“మోటారు కాల్సినట్టు కాదు బావా,” అంది.

ఎనిమిదో తరగతి సగంలో బడికీ నాకూ ఒకరి మీద ఒకరికి విసుగొచ్చి విడిపోయాం. అప్పటినుంచి నా మేష్టర్లు ఫోనులోనే ఉన్నారు. మట్టి కొలిమిలో, తోలు తిత్తితో, వెనకటి మనుషుల్లా లోహం కరిగించే వీడియోలు ఎన్ని చూశానో. చూసినంతసేపూ చేతులు దురద పెట్టేవి. ఇప్పుడు అమ్మవారి పేరు చెప్పుకుని గోక్కునే అవకాశం వచ్చింది.

పుట్టమన్నులో కాల్చిన ఊక కలిపి మూస చేశాను. మొదటిది ఎండలోనే పగిలింది. రెండోది నిప్పు చూసి పగిలింది. మూడోది నన్ను చూసి జాలిపడి నిలబడింది. తిత్తికి మేకతోలు దొరక్క లారీ ట్యూబు కోసి చెక్కలకి బిగించాను. ఊదితే గాలి కొలిమిలోకి సగం, నా లుంగీలోకి సగం వెళ్ళేది. చింతబొగ్గులు మాత్రం బాగా రాజుకున్నాయి.

పొగ కంటికి తగలకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి మా ఆవిడని వీధి అరుగు మీద కూర్చోబెట్టాను. ఆసుపత్రివాళ్ళిచ్చిన నల్ల అద్దాలు పెట్టుకుని, నిమిషానికోసారి కరిగిందా అని కేకేసేది. ఎదురుగా కరిగిస్తానన్న మాట ఆ విధంగా అక్కడే గోడ చాటుకి పోయింది.

కడియాన్ని ముక్కలు కోసి మూసలో వేసి చూస్తే అడుగు కూడా నిండలేదు. ఇంతేనా. నా మనసులో అమ్మవారి కళ్ళు అరచేయంత ఉన్నాయి. ఇది గోరంత అవుతుందేమో అనిపించింది. షాపులో ఒక డబ్బా ఉంది. కాలిపోయిన మోటారు స్టార్టర్లలోంచి ఏళ్ళ తరబడి పీకి దాచిన కాంటాక్ట్ పాయింట్లు, అంటే ఒకదానికొకటి తగిలి కరెంటు కలిపే చిన్న బిళ్ళలు. వాటి మొహాల మీద వెండి ఉంటుందని మా పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. డబ్బా తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను. చేయి ఊరుకోలేదు. ఒక గుప్పెడు వేశాను.

తెల్లగా రావలసిన పొగ గోధుమరంగులో లేచింది. గొంతు పట్టేసి, దగ్గుకుంటూ గాలికి ఎదురు వైపు పరిగెత్తాను.

“ఏటా కంపు?” అరుగు మీంచి అడిగింది.

“బొగ్గు,” అన్నాను.

పెళ్ళయ్యాక ఆమెకి చాలా అబద్ధాలు చెప్పాను, అన్నీ నవ్వించడానికే. ఇది ఆ జాతిది కాదు.

ఇటుకలో గాడి చేసి కరిగినదాన్ని పోశాను. చల్లారాక సుత్తితో కొడితే సాగవలసింది, నువ్వుల చిక్కీలా విరిగింది. అత్త కాలికి ఇన్నేళ్ళు అంటిపెట్టుకున్న వెండి నా చేతిలో పెంకులైపోయింది.

టౌనులో ఒక ముసలి కంసాలి తాత ఉన్నాడు. కొట్టు కొడుకులకి అప్పజెప్పి కుర్చీలో కూర్చుంటాడు. పెంకు తీసుకుని రాతి మీద గీసి, గీత వంక చూసి, తర్వాత నా వంక చూశాడు.

“ఒరే, ఏటి కలిపినావు దీన్లో?”

చెప్పాను. పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. పాయింట్లలో వెండి ఒక్కటే ఉండదనీ, రాగీ, ఇంకేవేవో ఉంటాయనీ, ఆ గోధుమరంగు పొగ ఇంకాస్త పీల్చి ఉంటే నా కళ్ళే అమ్మవారికి ఇవ్వాల్సొచ్చేదనీ తిట్టాడు. తర్వాత తనే ఊదుగొట్టం వెతుక్కుని నా స్కూటరెక్కాడు.

వెండి శుద్ధి చేయడానికి తాత వచ్చాడని చెప్పి మా ఆవిడని మళ్ళీ అరుగు మీదకి పంపాను. మా పెరట్లో తాత ఎముకలు కాల్చిన బూడిద తడిపి గిన్నెలా అణిచాడు. అందులో నా పెంకులూ, వాటికి తోడు సీసం. చుట్టూ బొగ్గులు. నన్ను గాలివాటం చూసి నిలబడమని, తను దూరంగా కుర్చీలో కూర్చుని ఎప్పుడు ఊదాలో చేత్తో చూపించాడు. సీసం కరిగి, వెండిలోని చెత్తనంతా వెంటబెట్టుకుని బూడిదలోకి ఇంకిపోతుందట. మధ్యాహ్నం దాకా ఊదాను. బుగ్గలు నావో కావో తెలియలేదు. చివరికి ఆ ముద్ద మీద నెమలి ఈకలో ఉండే రంగులన్నీ గిరగిరా తిరిగి, ఒక్కసారిగా తెర తొలిగినట్టు తెల్లగా మెరిసింది.

తాత చల్లార్చి సుత్తితో కొట్టాడు. వెన్నలా సాగింది. చెత్తంతా పోయిందన్నాడు. మరి పాయింట్లలో ఉన్న వెండి కూడా పోయిందా అని ఆశగా అడిగాను.

“వెండిలోంచి వెండిని ఎవుడు ఏరతాడ్రా? కలిపినావు, కలిసిపోనాది. నీ పెళ్ళానికి సెప్పు.”

రేకు సాగగొట్టి, రెండు కళ్ళు కోసి, నల్లగుడ్లు చెక్కి ఇచ్చాడు. మా ఆవిడ వాటిని చీర కొంగుతో తుడిచి, వెలుగులోకి తిప్పి చూసి, “మా అమ్మ ఎంత తెల్లగా ఉన్నాదో సూడు బావా,” అంది.

ఆ తర్వాత రెండు రోజులూ నేను కూర్చున్న చోట కూర్చోలేదు. బాగున్న మోటారు విప్పి మళ్ళీ చుట్టాను. ఎవరూ తెమ్మనని సరుకులకి నెల్లిమర్ల దాకా వెళ్ళి, ఏం కొనాలో తోచక తిరిగొచ్చాను. నాలుగుసార్లు చెబుదామని నోరు తెరిచి నాలుగు జోకులు వేశాను. నాలుగింటికీ నవ్వింది, అదే నా ఖర్మ.

పండగ ముందురోజు పొద్దున్న చుక్కల వేళ. ఆమె తల వెనక్కి వాల్చింది. ఎడమ రెప్ప నా వేళ్ళ మధ్య ఉంది. ఆ కన్ను నన్నే చూస్తోంది, తప్పించుకునే దారి ఇద్దరికీ లేదు.

“పాయింట్లు కలిపాను,” అన్నాను.

రెప్ప కొట్టుకుంది. మందు చెంప మీదకి జారింది. కొంగుతో తుడుచుకుని, ఎన్ని అని అడిగింది. గుప్పెడు అన్నాను. తాత చెప్పింది కూడా చెప్పాను. వంటింట్లోకి వెళ్ళింది. దీపం పెట్టాక వచ్చి నిలబడింది.

“అమ్మోరికి ఎవులు సెప్తారు? నువ్వే సెప్పాల. నవ్వకుండా సెప్పాల.”

మర్నాడు గుడి దగ్గర వరస రోడ్డు దాకా ఉంది. మా వంతు రాగానే మా ఆవిడ వెండి కళ్ళు నా చేతిలో పెట్టి పక్కకి జరిగింది. పూజారి పళ్ళెం చాపి చూస్తున్నాడు. ఏదైనా వెటకారం తోడు వస్తుందేమోనని చూశాను. ఒక్కటీ రాలేదు.

“తల్లీ, కడియం మా అత్తది. గుప్పెడు పాయింట్లు నా షాపువి. తెలిసే కలిపినాను. కన్ను దీనిది, తప్పు నాది. దీని మీదకి తేకు.”

వరసలో వెనకున్న రైతు, నా దగ్గర ఏటా స్టార్టరు బాగుచేయించుకునేవాడు, మెడ ముందుకి చాపి ఆ పాయింట్లలో తనవి కూడా ఉన్నాయేమిటని అడిగాడు. ఉండే ఉంటాయి. ఇంకెంతమందివో కూడా ఉంటాయి. కొట్టుకి ఇవ్వకుండా ఆమె ఏది తప్పించాలనుకుందో సరిగ్గా అదే చేశానని అప్పుడు తెలిసి, అక్కడే భూమిలో దిగబడిపోవాలనిపించింది.

మా ఆవిడ వెనక్కి తిరిగి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఉంటే నువ్వూ దండం ఎట్టుకో అన్నా,” అంది.

అతను చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. పూజారి వెండి కళ్ళు తీసుకుని అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు.

డాక్టరు మళ్ళీ వచ్చే వారం రమ్మన్నాడు. ఈలోగా ఆమె రోజూ పొద్దున్న కుడికన్ను అరచేత్తో మూసుకుని గోడ మీది క్యాలెండరు వైపు తిరుగుతుంది. నేను టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడతాను. ఒకరోజు తేదీ వెంటనే చదువుతుంది. ఇంకోరోజు ఆలస్యం చేస్తుంది. ఏటి, కనబడతందా అని అడుగుతాను.

“ఉండు బావా, సూడనీ,” అంటుంది.

ఉంటాను.