ముడుపు కాయలో నీళ్ళు

దయ్యం చూశామని ఎవరైనా అంటే నేను మూడు సంగతులు అడుగుతాను. ఎప్పుడు, ఎక్కడ, ఇంకెవరు చూశారు? తడుముకోకుండా చెప్పినవాళ్ళు ఇంతవరకు తగల్లేదు. గ్యాస్ బండ మార్చిన తేదీ కూడా క్యాలెండర్ మీద రాసుకునే మనిషిని నేను. దేవుడి మీద నమ్మకం ఉంది, వింతల మీద లేదు.

మాది చిక్కడపల్లి. నిరుడు ఎండాకాలంలో మా అమ్మాయి పద్మకు కిడ్నీలు చెడిపోతే నారాయణగూడలో ఆసుపత్రిలో చేర్చాం. నయమైతే గుళ్ళో కాయ కొడతానని మొక్కుకుని, ఎర్రగుడ్డలో కొబ్బరికాయ ముడుపు కట్టాను. నీళ్ళు నిండుగా ఉన్నాయని ఊపి చూసి తెచ్చిన కాయ. ముడి మాత్రం పద్మే వేసింది, ఆసుపత్రి మంచం మీద. అది ఎడమచేతి వాటం మనిషి. దాని ముడి తిరగబడి పడుతుంది. చిన్నప్పుడు దాని జడ రిబ్బన్లు విప్పలేక కత్తెర పట్టేదాన్ని.

వానలు మొదలయ్యాక పద్మ పోయింది.

తీరని మొక్కు ముడుపును మా ఇళ్ళల్లో పారే నీళ్ళలో వదిలేస్తారు. విద్యానగర్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ అదే చెప్పింది. "తీసెయ్ సావిత్రీ. దేవుడే మాట నిలబెట్టుకోలే, నీకేం పట్టింది?"

పద్మ కూతురు మానస అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదువుతోంది. అది ఇంకో మెట్టు ఎక్కింది. "దేవుడు గీవుడు లేడు అమ్మమ్మా. నాకు ప్రసాదం గూడ తేకు."

అన్నట్టే చేసింది. ఆదివారం ఇంటికి వచ్చినా దేవుడి గది వైపు చూసేది కాదు. కంచంలో అన్నం సగం వదిలేసేది. తల్లి పోయింది, ఇప్పుడు ఇది కూడా చేజారుతుందేమోనని నా భయం.

"ఆయన మాట తప్పాడని నేను ఒప్పుకోను. నా మాట మాత్రం నేను తప్పను. గుళ్ళోనే కొడతాను" అన్నాను.

కొట్టే ధైర్యం రావడానికి చలికాలం దాకా పట్టింది. ముహూర్తం పెట్టుకుని కాయ ఊపి చూస్తే కటకటమంది. నీళ్ళు ఇంకి, లోపల కుడుక విడిపోయిన చప్పుడు. ఆడబిడ్డ ఊపింది, మానస కూడా ఊపింది.

"మొత్తం ఎండిపోయింది. ఇంకేం కొడతవ్?" అంది ఆడబిడ్డ.

"ఎండిన కాయే కొడతా."

గుడికి వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం నేనూ మానసా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. దేవుడి గదిలో నీళ్ళ చప్పుడు. కుళాయి చప్పుడు కాదు. అంగట్లో కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే వస్తుందే, అది. ఇద్దరం వెళ్ళాం. కిటికీ మూసి ఉంది. పీట మీద ముడుపు కదలకుండా ఉంది. చప్పుడు మాత్రం ఇంకాసేపు వచ్చి ఆగింది.

"విన్నవా అమ్మమ్మా?" అంది మానస, నా కొంగు పట్టుకుని.

"విన్నాను. పద, చిక్కుడుకాయలున్నాయి."

భయం వేయలేదని అనను. దాన్ని పంపించి, దేవుడితో గట్టిగానే చెప్పాను. "ఎండినా నీదే, కుళ్ళినా నీదే. నన్ను బెదిరించి లాభం లేదు. రేపు వస్తున్నా."

మర్నాడు పొద్దున ఆడబిడ్డతో కలిసి ముగ్గురం గుడికి వెళ్ళాం. ముడి విప్పబోతే రాలేదు. ముడి పోకుండా గుడ్డను పక్కన కత్తిరించి, కాయను రాతికేసి కొట్టాను. నీళ్ళు చిమ్మి నా చెయ్యి మోచేతి దాకా తడిసింది. మానస పాదాలు తడిశాయి. లోపల కొబ్బరి తెల్లగా, లేతగా ఉంది.

"కాయ మార్చినవ్ కదా?" అంది ఆడబిడ్డ.

"ముడి చూడు వదినా."

ఆమె తిప్పి తిప్పి చూసింది. చూసి మానస చేతికిచ్చింది.

మానస ఆ ముడిని గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చెయ్యి నా ముందుకు చాపింది. కొబ్బరి ముక్క పెట్టాను.

"నమ్మినా అనుకోకు. అమ్మ ముడేసింది గనక తింటున్న" అంది, నములుతూనే. తిని, ఇంకో ముక్క అడిగింది.

ఆ నీళ్ళు నా బిడ్డను తిరిగి తేలేదు. ఆ మాట ఆయనకు రోజూ గుర్తుచేస్తాను, దీపం పెట్టి మరీ. ఆయన వినడం మానలేదు. నేను అడగడం మానను.

ఎప్పుడు, ఎక్కడ, ఇంకెవరు చూశారు? మూడింటికీ నా దగ్గర జవాబుంది. ఎలా అని మాత్రం అడగకండి. నాకూ తెలియదు.